తాతయ్య రికార్డులు ఉన్నాయి, ప్లేయరు లేదు. మొదట ఏం కొనాలి?

కొత్తశ్రోత | హనుమకొండ

అందరికీ నమస్కారం. అమ్మమ్మ వాళ్ళ ఇల్లు సర్దుతుంటే రెండు ట్రంకు పెట్టెల నిండా రికార్డులు బయటపడ్డాయి. పెద్ద ఎల్పీలు కొన్ని, చిన్న ఈపీలు చాలా, అడుగున బరువుగా మందంగా ఉన్న పాతవి ఇంకొన్ని. ఘంటసాల భగవద్గీత, ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం, నాటక పద్యాలు, సినిమా పాటలు ఉన్నాయి. తాతయ్య వాడిన ప్లేయరు మాత్రం ఎప్పుడో పోయిందట.

ఇవన్నీ వినాలని, తర్వాత మెల్లగా ఇంకొన్ని సేకరించాలని ఉంది. స్పీకర్లతో కలిపి పాతిక ముప్పై వేలు పెట్టగలను. సూట్‌కేసులా మూత ఉండి, లోపలే స్పీకర్లు ఉన్న ప్లేయరు ఆన్‌లైన్‌లో చాలా తక్కువకే కనిపిస్తోంది. మూడు స్పీడ్లూ ఉన్నాయని రాశారు. దానితో మొదలుపెట్టొచ్చా?

గాడిగీత | విజయవాడ

ఆ సూట్‌కేసు ప్లేయరు కొనకండి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ ఆ రకంలో చాలావాటికి సిరామిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బా) ఉంటుంది. ముల్లు రికార్డు మీద 5 గ్రాములో, అంతకంటే ఎక్కువో బరువు మోపుతుంది. తగ్గించుకునే ఏర్పాటు ఉండదు. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు చాలు. ఒకసారి వింటే రికార్డు పాడైపోదు గానీ, ఏళ్ళ తరబడి దానిమీదే తిప్పితే 'స', 'శ' లాంటి అక్షరాలు వచ్చే చోట గొంతు బరబరమంటుంది. పైగా స్పీకర్లు అదే పెట్టెలో ఉంటాయి కాబట్టి వాటి అదురు నేరుగా ముల్లుకే చేరుతుంది.

మీ డబ్బుల్లో ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్ తీసుకోవచ్చు. బటన్ నొక్కితే ముల్లున్న ఆర్మ్ తనే వెళ్ళి వాలుతుంది, పాట అయ్యాక తనే వెనక్కి వస్తుంది. ముల్లు బరువు ఫ్యాక్టరీలోనే సెట్ చేసి ఇస్తారు, ఫోనో ప్రీయాంప్ లోపలే ఉంటుంది. మిగతా డబ్బుతో ఒక జత పవర్డ్ స్పీకర్లు, అంటే యాంప్లిఫయర్ లోపలే ఉన్నవి, కొనండి. లోటు ఒక్కటే, దానికి నిమిషానికి 33, 45 చుట్లు తిరిగే స్పీడ్లే ఉన్నాయి. పెట్టె అడుగున ఉన్న మందపువి దానిమీద ఆడవు. అవి 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, అయ్యుంటాయి. వాటి గురించి మన సభ్యుల్లో మద్రాసుమెయిల్ గారే చెప్పాలి.

కొత్తశ్రోత | హనుమకొండ

చాలా థాంక్స్ అండి. ఫోనో ప్రీయాంప్ అంటే అర్థం కాలేదు. మా ఇంట్లో నాన్నగారి పాత యాంప్లిఫయర్ ఉంది. దాని ఆక్స్ సాకెట్‌లో పెడితే సరిపోదా?

గాడిగీత | విజయవాడ

ప్రీయాంప్ లేకుండా ఆక్స్‌లో పెడితే పాట పీలగా, బేస్ లేకుండా, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు ఉంటుంది. దానికి రెండు కారణాలు. ఒకటి, మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే. రెండోది ముఖ్యమైనది. రికార్డు కోసేటప్పుడే బేస్‌ని తగ్గించి, ట్రెబుల్‌ని పెంచి కోస్తారు. బేస్‌ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ బాగా ఊగుతుంది, చోటంతా తినేస్తుంది, ఒక వైపు నాలుగు పాటలు కూడా పట్టవు. ట్రెబుల్ పెంచి కోసి, వినేటప్పుడు అంతే తగ్గిస్తే, దానితోపాటు రికార్డు సరసర కూడా తగ్గుతుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది 1954లో ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) కొలతగా స్థిరపడింది. ఆ లెక్కని తిరగేసి అసలు పాటని మనకిచ్చేదే ఫోనో ప్రీయాంప్.

మీ నాన్నగారి యాంప్లిఫయర్ వెనక 'ఫోనో' అని రాసిన సాకెట్లు, పక్కనే ఎర్త్ వైరు బిగించే స్క్రూ ఉన్నాయేమో చూడండి. ఉంటే అదృష్టమే, అందులోనూ ప్రీయాంప్ ఉన్నట్టు. అప్పుడు ప్లేయరు వెనక స్విచ్‌ని ఫోనో వైపు పెట్టండి. ఫోనో సాకెట్ లేకపోతే లైన్ వైపు పెట్టి ఆక్స్‌కి ఇవ్వండి. రెండు ప్రీయాంప్‌లూ ఒకేసారి పనిచేస్తే శబ్దం చీలిపోతుంది.

మద్రాసుమెయిల్ | చెన్నై

బాబూ కొత్తశ్రోతా, ఆ అడుగున ఉన్నవాటిని ముందు జాగ్రత్తగా పైకి తియ్యి. ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి ఉంటే ఇవాళే నిలబెట్టు. అవి ఎల్పీల్లా వినైల్ ప్లాస్టిక్ కాదు, లక్కతో చేసినవి. లక్కలో రాతిపొడి కలిపి అచ్చు పోసేవాళ్ళు, అందుకే ఆ బరువు. కిందపడితే గాజులా పగులుతాయి. ప్రపంచంలో తయారైన ఆ రకం రికార్డుల్లో వాడిన లక్కలో చాలాభాగం మన దేశం నుంచే వెళ్ళింది. ఎల్పీ 1948లో అమెరికాలో వచ్చినా, మన దగ్గర 78లు 1960ల చివరిదాకా అమ్ముడవుతూనే ఉన్నాయి. కాబట్టి మీ పెట్టెలో పాత సినిమా పాటలు కూడా 78ల మీద ఉండొచ్చు.

ఇక వినడం. స్పీడు 78 ఉంటే చాలదు, ముల్లు కూడా మారాలి. ఎల్పీ ముల్లు మొన సుమారు 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఉంటుంది, 78కి సుమారు 3 మిల్ కావాలి. సన్న ముల్లు పెడితే గాడి అడుగున ఉన్న మట్టిలో దొర్లుతుంది. పాట కంటే గరగర ఎక్కువ వినిపిస్తుంది, ముల్లూ పాడవుతుంది. 78ల ముల్లు ఎల్పీ మీద పెట్టావంటే ఎల్పీ పోయినట్టే.

డబ్బులు కుదిరితే ఆడియో-టెక్నికా వాళ్ళదే ఎల్‌పీ120ఎక్స్ ప్లేయరు చూడు. 33, 45, 78 మూడూ ఉన్నాయి. దానితో వచ్చే వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి ముల్లు ఒక్కటే లాగి మార్చుకోవచ్చు. 78ల కోసం వీఎంఎన్95ఎస్‌పీ అని వేరే ముల్లు అమ్ముతారు. అది పెట్టినప్పుడు బరువు 2 గ్రాముల నుంచి 5 గ్రాములకి పెంచుకోవాలి, మళ్ళీ ఎల్పీకి వచ్చినప్పుడు తగ్గించుకోవాలి.

ఇంకో హెచ్చరిక. ఇత్తడి కొమ్ము ఉన్న 'యాంటిక్' గ్రామఫోన్ ఎవరైనా అమ్ముతామంటే మోహపడకు. ఇప్పుడు దొరికేవాటిలో చాలావరకు పాత భాగాలూ కొత్త భాగాలూ కలిపి, కుక్క బొమ్మ స్టిక్కరు అంటించినవే. అసలైన తాళం గ్రామఫోన్ దొరికినా దానిమీద 78లు మాత్రమే వెయ్యాలి, ఉక్కు పిన్ను ప్రతి వైపుకీ మార్చాలి. ఎల్పీని దానిమీద పెట్టావంటే గాడి చెక్కుకుపోతుంది.

రాత్రిరేడియో | కర్నూలు

అడ్డు తగులుతున్నానని అనుకోకండి. ఘంటసాల పాటలన్నీ ఫోన్‌లో ఉన్నాయి కదా. గరగర లేదు, ముల్లు మార్చే పని లేదు. ఇప్పుడు కొత్తగా వస్తున్న ఎల్పీలు కూడా చాలావరకు డిజిటల్ ఫైలు నుంచే కోస్తున్నారు. అలాంటప్పుడు ఇంత డబ్బు పెట్టి ఇందులోకి దిగడం దేనికి? నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నా.

రాగరేణు | విశాఖపట్నం

మంచి ప్రశ్న, రాత్రిరేడియో గారూ. కొత్త ఎల్పీల విషయంలో మీతో నేనూ ఏకీభవిస్తాను. పాత సినిమా పాటల ఎల్పీ కొత్తగా అచ్చేసి మూడు నాలుగు వేలకి అమ్ముతుంటే, అందులో ఫోన్‌లో లేనిది పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు. అట్ట బాగుంటుంది, అంతవరకు సంతోషం.

కానీ ఆ ట్రంకు పెట్టెల సంగతి వేరు. తెలుగులో రికార్డు కంపెనీలు సినిమా పాటలతోనే ఆగలేదు. పద్యాలు, హరికథలు, హాస్య నాటికలు, లలిత గీతాలు, జానపదాలు ఎన్నో వేశాయి. రావు బాలసరస్వతీదేవి గారు, సాలూరి రాజేశ్వరరావు గారు కలిసి పాడిన ప్రైవేటు పాటలు రికార్డుల కోసమే పాడినవి. వెతికితే అలాంటివి కొన్ని నెట్‌లో దొరుకుతాయి, అదీ సేకరించేవాళ్ళు ఎవరో ఓపిగ్గా ఎక్కించినందువల్లే. సినిమా పాటల్లో కూడా తేడాలుంటాయి. పది అంగుళాల 78 ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది. పాట అంతకంటే పెద్దదైతే ఒక చరణం కత్తిరించేవాళ్ళు, లేదా రెండో వైపుకి సాగదీసేవాళ్ళు. పద్యం చివర రాగం ఎక్కడ ఆపారో వింటే, గాయకుడు గడియారం చూస్తూ పాడాడని తెలుస్తుంది. నాకు ఇష్టమైన చోటు అదే.

అందుకే నా ఉద్దేశం ఇది. తెలుగువాళ్ళు సేకరించడం మొదలుపెడితే, ఇంకెక్కడా దొరకనిదాన్ని ముందు చూడాలి. అందరి దగ్గరా ఉన్న ఇంగ్లిష్ రాక్ ఎల్పీ ఇంకో యాభై ఏళ్ళకీ దొరుకుతుంది. మన ఊరి నాటక సమాజం పద్యాల రికార్డు ఒక్కటి పగిలితే, ఇంకోటి ఉందో లేదో ఎవరూ చెప్పలేరు.

రాత్రిరేడియో | కర్నూలు

ఈ మాట నచ్చింది. మా పెదనాన్న హరికథల రికార్డులు ఉండేవని చెబుతుంటారు. అడుగుతాను.

పాతబజార్ | హైదరాబాద్

సేకరణ అన్నారు కాబట్టి వేట సంగతి నేను చెబుతా. హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్‌కి గురువారం పొద్దున్నే వెళ్ళండి, ఎర్రగడ్డలో ఆదివారం సంత ఉంది. దొరుకుతాయని గ్యారంటీ లేదు, ఒక్కోసారి వట్టి చేతుల్తో రావాలి. చెన్నై, ముంబై చోర్ బజార్, కోల్‌కతా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లలో రికార్డులే అమ్మే దుకాణాలు ఉన్నాయి గానీ అక్కడ తెలుగువి అరుదు. తెలుగు రికార్డులకి అన్నిటికంటే మంచి చోటు బంధువుల అటకలు. పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే వెళ్ళి అడగండి.

కొనేముందు రికార్డుని కవర్లోంచి పూర్తిగా బయటికి తీసి చూడాలి. కవర్ మీద ఒక సినిమా, లోపల ఇంకో సినిమా ఉండటం మామూలే. తర్వాత వెలుతురుకి ఏటవాలుగా పట్టుకోండి. గీత మీద గోరు ఆడిస్తే తగిలిందంటే అది టక్కుటక్కున వినిపిస్తుంది, ముల్లు ఒకచోటే ఆగి తిరగొచ్చు కూడా. తగలకపోతే చాలావరకు పర్వాలేదు. గాడి నల్లగా మెరవకుండా బూడిద రంగుగా, మసకగా కనిపిస్తే మాత్రం అరిగిపోయినట్టు. కడిగినా తిరిగి రాదు. మధ్య చిల్లు చుట్టూ లేబుల్ మీద సన్నని గీతలు ఎన్ని ఉన్నాయో చూడండి, ఎన్నిసార్లు ప్లేయరు ఎక్కిందో అవే చెబుతాయి.

లేబుల్ మీద మైకు సెట్టు పేరుతో రబ్బరు స్టాంపు, పెయింటుతో వేసిన నంబరు ఉంటే ఇంకా జాగ్రత్త. పెళ్ళిళ్ళలో, జాతరల్లో రాత్రీ పగలూ తిరిగినవి అవి. అరిగి ఉంటాయి. కానీ ఊళ్ళల్లో జనం ఏం విన్నారో తెలియాలంటే అవే సాక్ష్యం, అందుకే చవగ్గా వస్తే నేను తీసుకుంటాను.

ఘంటసాల భగవద్గీత, 1963 నాటి సుప్రభాతం, టీటీడీతో కలిసి హెచ్‌ఎంవీ వేసిన బాలాజీ పంచరత్నమాల ఎల్పీలు చూపించి 'చాలా రేర్' అని వేలు చెబుతారు. రేర్ కాదు. లక్షణంగా ఇంటింటా ఉండేవి. నిదానంగా వెతికితే మంచి కండిషన్‌లో దొరుకుతాయి, తొందరపడకండి.

కొత్తశ్రోత | హనుమకొండ

రాగరేణు గారూ, మీ మాటలు చదివాక పెట్టె మళ్ళీ తెరిచాను. రికార్డుల మీద తెల్లటి బూజు మచ్చలున్నాయి. చీరతో తుడవమంటోంది అమ్మమ్మ. ఏం చేయమంటారు? ఇంకో అనుమానం, ఒక చిన్న రికార్డు మీద ఒక్కో వైపు చాలా పాటలు ఉన్నట్టు రాసి ఉంది. ఈపీ అంటే వైపుకి ఒకటో రెండో పాటలే కదా?

రాగరేణు | విశాఖపట్నం

పొడిగుడ్డతో తుడవకండి. దుమ్ములో ఇసుక ఉంటుంది, రుద్దితే గీతలు పడతాయి. మా తీరం వైపు ఇళ్ళల్లో వచ్చే రికార్డులకి బూజు తప్పదు, అది పోతుంది, కంగారుపడకండి.

వినైల్ రికార్డులకి డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీల్లో పోసేది కాకుండా మందుల షాపులో దొరికే శుభ్రమైనది తీసుకుని, ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. లేబుల్ తడవకూడదు. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడి, గుండ్రంగా తుడవండి. అడ్డంగా వద్దు. ఆ తర్వాత మామూలు డిస్టిల్డ్ నీళ్ళతో ఇంకోసారి తుడిచి సబ్బు పోగొట్టండి. నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. ఎండలో పెడితే వంగిపోతాయి. మీ హనుమకొండ మే నెల ఎండకి కారులో మర్చిపోయినా అంతే సంగతి.

లక్క రికార్డులకి స్పిరిట్, శానిటైజర్, ఆల్కహాల్ ఉన్న ఏ క్లీనరూ తగలనివ్వొద్దు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. వాటికి కాస్త తడిగుడ్డ చాలు, వెంటనే ఆరబెట్టాలి.

పాత కాగితం కవర్లలో బూజు విత్తనాలుంటాయి కాబట్టి లోపలి కవర్లు కొత్తవి మార్చండి. పాతవి పారెయ్యొద్దు, వాటిమీద కంపెనీ ప్రకటనలు, దుకాణం స్టాంపులు ఉంటాయి, విడిగా దాచండి. మెత్తటి పీవీసీ బయటి కవర్లు మాత్రం తీసేయండి, ఏళ్ళు గడిస్తే అవి రికార్డు మీద పొగమంచులాంటి మచ్చ వేస్తాయి.

చిన్న రికార్డు సంగతి: లేబుల్ మీద 'సూపర్ 7' అని ఉందేమో చూడండి. ఏడు అంగుళాలే గానీ 33లో తిరుగుతుంది, అందుకే ఎక్కువ పాటలు పట్టాయి. సైజు చూసి స్పీడు పెట్టకండి, లేబుల్ చదవండి.

గాడిగీత | విజయవాడ

రాగరేణు గారి మాటకి ఒకటి కలుపుతా. మీ 1960ల ఈపీలు చాలావరకు మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం. యాంప్లిఫయర్‌కి మోనో బటన్ ఉంటే నొక్కి వినండి. మోనో రికార్డులో పాట గాడి పక్కల కదలికలోనే ఉంటుంది. పైకీ కిందికీ వచ్చే అదురంతా దుమ్ము, అరుగుదల. మోనో చేస్తే ఆ పైకీ కిందికీ వచ్చే అదురు చాలావరకు కొట్టుకుపోతుంది. ఖర్చు లేకుండా ఇంత తేడా తెచ్చే పని ఇంకోటి లేదు.

టెక్సాస్‌తెలుగు | డాలస్

ఈ చర్చ చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. నా దగ్గర 1970ల నాటి బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (మోటారు రబ్బరు బెల్టుతో తిప్పే ప్లేయరు) ఉంది, ఎస్టేట్ సేల్‌లో కొన్నది, బాగా పనిచేస్తోంది. కొత్తది కొన్నాను కాబట్టి దీన్ని కొత్తశ్రోతకి పంపిద్దామని ఉంది. మా అత్తగారు వరంగల్ వస్తున్నారు. అక్కడ 230 వోల్టులు కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుంది కదా?

గాడిగీత | విజయవాడ

మీ మనసు గొప్పది అన్నా, కానీ ఆగండి. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. అమెరికాలో 60 హెర్ట్జ్, మన దగ్గర 50. ఆ కాలపు బెల్ట్ డ్రైవ్‌లలో చాలావాటికి ఏసీ సింక్రనస్ మోటారు ఉంటుంది, దాని వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. ఇక్కడ పెడితే 33కి బదులు దాదాపు 27.8 తిరుగుతుంది. ఘంటసాల గొంతు మూడు స్వరస్థానాల పైన కిందికి దిగిపోతుంది.

కొన్ని కంపెనీలు 50 హెర్ట్జ్ కోసం వేరే పుల్లీ ఇచ్చేవి. మీ మోడల్‌కి అది దొరికితే మార్చి పంపండి. మోటారు డీసీది అయితే అసలు సమస్యే లేదు. వెనక ప్లేటు మీద '60 హెర్ట్జ్' అని మాత్రమే రాసి ఉంటే, సింక్రనస్ అయి ఉండే అవకాశం ఎక్కువ. ఫోటో పెట్టండి, చూసి చెబుతాను.

టెక్సాస్‌తెలుగు | డాలస్

60 హెర్ట్జ్ అనే రాసి ఉంది. పుల్లీ కోసం వెతుకుతాను. ఈలోగా కొత్తశ్రోత ఎల్‌పీ120ఎక్స్ కొనుక్కోవడమే మంచిదేమో. దానికి వీఎంఎన్95ఎస్‌పీ ముల్లు అత్తగారితో నేను పంపిస్తాను. తమ్ముడూ, కాదనొద్దు. ఆ పద్యాలు నేనూ వినాలి.

కొత్తశ్రోత | హనుమకొండ

అన్నా, ఏం చెప్పాలో తెలియట్లేదు. తప్పకుండా. ఇంట్లో మాట్లాడి బడ్జెట్ పెంచుకున్నాను, 120ఎక్స్ ఆర్డర్ పెడుతున్నాను. సెట్ చేయడంలోనే కాస్త టెన్షన్‌గా ఉంది.

గాడిగీత | విజయవాడ

కష్టమేం కాదు. ముందు బల్ల మట్టంగా ఉండాలి, మేస్త్రీ రసమట్టం పెట్టి చూడండి. స్పీకర్లు అదే బల్ల మీద పెట్టొద్దు. ముల్లుకి తొడుగు తీసి, యాంటీస్కేట్ (ఆర్మ్ రికార్డు మధ్యకి లాక్కుపోకుండా ఆపే మీట) సున్నా మీద ఉంచి, వెనక బరువు తిప్పుతూ ఆర్మ్ గాల్లో సమంగా తేలేలా చేయండి. అక్కడ బరువు మీది అంకెల రింగుని సున్నాకి తిప్పి, తర్వాత బరువుని 2 దాకా తిప్పండి. యాంటీస్కేట్ కూడా 2 పెట్టండి. అనుమానం ఉంటే బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా కొనండి, చవకే.

ప్లేటు అంచున చుక్కలుంటాయి, ఎర్ర లైటులో అవి కదలకుండా నిలబడినట్టు కనిపిస్తే స్పీడు సరిగ్గా ఉన్నట్టు. ముల్లుకి ఆయుష్షు ఉంటుంది, ఈ రకానివి 300 గంటలు దాటితే మార్చడం గురించి ఆలోచించాలి. ప్రతిసారీ వినే ముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌తో రికార్డు దుమ్ము తీయండి.

మద్రాసుమెయిల్ | చెన్నై

78లు మొదటిసారి వేసేటప్పుడే కంప్యూటర్‌లోకి రికార్డ్ చేసుకో బాబూ. 120ఎక్స్‌లో యూఎస్‌బీ ఉన్న మోడల్ తీసుకుంటే ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అయిపోతుంది. గరగర తీసేసే ఫిల్టర్లు వాడని ముడి ఫైలు ఒకటి తప్పనిసరిగా దాచు. లేబుల్ రెండు వైపులా ఫోటో తియ్యి, లేబుల్ చుట్టూ ఖాళీ అంచులో చెక్కిన నంబరు కూడా రాసిపెట్టు. గాయకుడి పేరు లేబుల్ మీద చెరిగిపోయినా ఆ నంబరు ఉంటే కనుక్కోవచ్చు.

పద్యాల రికార్డుల జాబితా ఇక్కడ పెడితే, ఏవి ఎవరి దగ్గరా లేవో నేను చూసి చెబుతాను.

కొత్తశ్రోత | హనుమకొండ

ఆదివారం జాబితా పెడతాను సార్. ఇంకొక్క సందేహం. రాజమండ్రిలో ఒకాయన దగ్గర హరికథ ఎల్పీ ఉంది, కొరియర్‌లో పంపిస్తానన్నారు. పగలకుండా ఎలా పంపమనాలి?

పాతబజార్ | హైదరాబాద్

డబ్బులు వేసే ముందు ఆ రికార్డు ఆడుతుండగా వీడియో అడుగు. ప్యాకింగ్ మాటకొస్తే, రికార్డుని లోపలి కవర్‌తో సహా అట్టలోంచి బయటికి తీసి, అట్ట వెనక పెట్టమను. లోపలే ఉంచి పంపితే దారిలో కుదుపులకి రికార్డు అంచు తగిలి అట్ట అంచు చీలిపోతుంది. రెండు వైపులా రికార్డు కంటే పెద్ద గట్టి అట్టముక్కలు పెట్టి, మూలలకి టేపు వేయించి, కదలకుండా బిగించమను. వేసవి కాబట్టి శుక్రవారం పంపొద్దని చెప్పు. వారాంతమంతా వేడి గోడౌన్‌లో పడి ఉంటుంది. సోమవారం వేయమను.